మీట నొక్కడమేనా శిక్షణ?

2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. పరీక్షను కంప్యూటర్ మీదే రాయించారు. సెప్టెంబరు 25న 15,941 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. అందులో మన తండాల నుంచి, గూడేల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి వెళ్లిన పిల్లలూ ఉన్నారు. అమ్మానాన్నలు సుగ్గికి పోయి మిరపకాయలు కోస్తుంటే హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లు ఈరోజు అయ్యవార్లు, టీచరమ్మలు అయ్యారు. సంతోషమే. ఆ సంతోషం పంచుకున్నాక ఒక చేదు మాట కూడా మాట్లాడుకోవాలి.

కొత్త టీచరుకు కంప్యూటర్ గురించి మనం ఏం నేర్పుతున్నాం? ఏ యాప్‌లో హాజరు వేయాలి, ఏ గడిలో ఏ అంకె నింపాలి, ఏ ఫొటో ఎన్ని గంటల్లోపు ఎక్కించాలి. చాలావరకు ఇంతే. యంత్రం లోపల ఏముంది? తీగ ఎక్కడి నుంచి వస్తోంది? మనం ఎక్కించిన పిల్లల వివరాలు ఎవరి చేతికి పోతున్నాయి? ఈ మూడు ప్రశ్నలకు శిక్షణలో చోటు లేదు. దీన్ని నేను శిక్షణ అనను. మీట నొక్కడం నేర్పడం అంటాను.

నా వాదన ఒక్కటే. హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ, ఈ మూడింటి మొదటి పాఠాలను కొత్తగా చేరే ప్రతి ఉపాధ్యాయుడికీ చేత్తో చేయించి నేర్పాలి. అది మన గూడేల, తండాల బడుల నుంచే మొదలుకావాలి. పట్నం బడికి ఇది ఒక సౌకర్యం. మనకు మాత్రం ఇది లేకపోతే బతుకు గడవని అవసరం. ఎందుకో చెబుతాను.

యంత్రాలు వచ్చాయి, విద్య రాలేదు

బడికి కంప్యూటర్ రావడం నిన్నమొన్నటి సంగతి కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పేరుతో ఒక పథకం పెట్టి, బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లను ఎంపిక చేసిన కొన్ని బడులకు ఇచ్చింది. 2004లో బడుల్లో ఐసీటీ పథకం వచ్చింది. దాని కింద 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ గదులు వెలిశాయి. ప్రైవేటు సంస్థలు యంత్రాలు పెడతాయి, ఐదేళ్లు నడుపుతాయి, తర్వాత బడికి అప్పగించి వెళ్లిపోతాయి. ఒప్పందం అదీ. ఐదేళ్లూ గడిచాయి. సంస్థలు పోయాయి, అవి పెట్టిన కంప్యూటర్ టీచర్లూ పోయారు. గది మిగిలింది, గదికి తాళం మిగిలింది.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్లకు పాఠం చెప్పే టీచర్లకూ ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. అందులో పెట్టింది బైజూస్ పాఠాలు. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. తరగతి గోడల మీదికి పెద్ద పెద్ద తెరలూ వచ్చాయి. ప్రభుత్వాలు మారాయి, రంగులు మారాయి, యాప్‌ల పేర్లు మారాయి. మారనిది ఒక్కటే. యంత్రం బడిలో ఉంటుంది, దాని విద్య మాత్రం బడి బయట ఎవరి దగ్గరో ఉంటుంది.

మన కరువు జిల్లాల్లో బోర్ల సంగతి అందరికీ తెలుసు. బోరు వేయించడానికి అప్పు పుడుతుంది. మోటారు కాలిపోతే బాగుచేసేవాడు దొరక్క చేను ఎండుతుంది. బడి కంప్యూటర్ కూడా అట్లాంటిదే. కొనడానికి టెండరు ఉంటుంది. చెడిపోతే దిక్కు ఉండదు.

పట్నంలో యంత్రం ఆగిపోతే సందు చివర దుకాణం ఉంటుంది. కర్నూలులోనో కడపలోనో సాయంత్రానికి బాగుచేసి ఇస్తారు. నల్లమల లోపలి చెంచు గూడెం బడికి మెకానిక్‌ను రమ్మంటే ఆత్మకూరు దాటి రావడానికే ఒప్పుకోడు. వస్తే బండి ఖర్చు ఎవరివ్వాలి? పత్తికొండ, ప్యాపిలి వైపు తండాలకూ, రాయచోటి చుట్టుపక్కల సుగాలి తండాలకూ అంతే. కంపెనీ సర్వీసు ఒప్పందం కాగితం మీద జిల్లా మొత్తానికి ఉంటుంది. మనిషి మాత్రం రోడ్డు ఉన్నంత దూరమే వస్తాడు. అందుకే పట్నం టీచరు కంటే ముందు మన బడి టీచరుకు ఈ విద్య కావాలంటున్నాను.

చిన్న బిళ్ల, పెద్ద మూత

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ప్రతి డెస్క్‌టాప్ కంప్యూటర్ లోపల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు కూడా తేదీ, సమయం గుర్తుపెట్టుకోవడం దాని పని. కొన్నేళ్లకు అది అయిపోతుంది. అప్పుడు కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే ఏమవుతుంది? భద్రమైన వెబ్‌సైట్లు తమ గుర్తింపు పత్రాన్ని తేదీతో సహా చూపిస్తాయి. కంప్యూటర్ తన తప్పు తేదీతో పోల్చుకుని, ఈ పత్రం చెల్లదు, ఇక్కడికి వెళ్లడం ప్రమాదం అని ఎర్ర అక్షరాలతో అడ్డం పడుతుంది. టీచరు 'నెట్ పనిచేయడం లేదు' అని రాసి పంపుతాడు. నెట్ బాగానే ఉంటుంది. అయిపోయింది బ్యాటరీ బిళ్ల. దాని ఖరీదు ఇద్దరు మనుషులు టీ, బజ్జీ తిన్నంత.

హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్, సెక్యూరిటీ వేరువేరు సబ్జెక్టులు కావని ఈ ఒక్క బిళ్ల చెబుతుంది. జబ్బు హార్డ్‌వేర్‌లో ఉంది. బాధ నెట్‌వర్క్‌లో కనబడింది. హెచ్చరిక సెక్యూరిటీ నుంచి వచ్చింది. మూడూ కలిపి నేర్పితేనే టీచరుకు జబ్బు పట్టుబడుతుంది. పది కంప్యూటర్ల గదికి తాళం పడేది చాలాసార్లు ఇంత చిన్న కారణానికే. దుమ్ము పట్టిన ర్యామ్‌ను తీసి, దాని ఇత్తడి రంగు అంచును రబ్బరుతో తుడిచి తిరిగి పెడితే లేచే యంత్రాలు ఎన్ని స్టోరు రూముల్లో పడి ఉన్నాయో మన టీచర్లను అడగండి.

రాయలసీమ మట్టి గురించీ శిక్షణలో చెప్పాలి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే నేల మనది. భూమి ఎండిపోతే ఎర్తింగ్ పనిచేయదు. కంప్యూటర్ డబ్బాను ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడుతుంది. పిల్లలు భయపడతారు, టీచరు భయపడతాడు, గది మూతపడుతుంది. ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలంలో వారానికి నాలుగు బిందెల నీళ్లు పోస్తే చాలావరకు తగ్గుతుంది. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గును వాడకూడదు. ఇది ఢిల్లీలో రాసిన మాడ్యూలులో ఉండదు. మన నేల మీద నిలబడి చెప్పాల్సిన పాఠం ఇది.

ఏది విప్పాలో నేర్పినట్టే ఏది విప్పకూడదో కూడా నేర్పాలి. కరెంటును మార్చి ఇచ్చే డబ్బాను, అంటే ఎస్‌ఎంపీఎస్‌ను, టీచరు విప్పకూడదు. ప్లగ్గు పీకినా దాని లోపల కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. యూపీఎస్ బ్యాటరీ దగ్గర నిప్పు పెట్టకూడదు. ఇవి తెలియనివాడు అన్నిటికీ భయపడతాడు, లేదా దేనికీ భయపడడు. రెండూ ప్రమాదమే.

తీగ రాని చోట కూడా నెట్‌వర్క్ ఉంటుంది

నెట్‌వర్కింగ్ అనగానే మనవాళ్లు సిగ్నల్ అనుకుంటారు. చెట్టెక్కితే సిగ్నల్ వస్తుంది, గుట్టెక్కితే వస్తుంది అని నవ్వుకుంటాం. ఆ నవ్వులోనే పొరపాటు ఉంది. నెట్‌వర్క్ అంటే ఇంటర్నెట్ ఒక్కటే కాదు. ఒక గదిలో పది యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపినా అది నెట్‌వర్కే. ఒక చిన్న కంప్యూటర్‌నో, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పైనో సర్వర్‌గా పెట్టి, కివిక్స్ ద్వారా తెలుగు వికీపీడియాను, కొలిబ్రి ద్వారా పాఠాలను అందులో నింపి, ఒక వైఫై రౌటర్ తగిలిస్తే సిగ్నల్ లేని గూడెంలో కూడా పిల్లలు తమ ట్యాబ్‌లలో చదువుకోవచ్చు. నెలకొకసారి టీచరు మండలానికి వెళ్లినప్పుడు కొత్తవి నింపుకొని రావచ్చు. ఇది కల కాదు. ఈ సాఫ్ట్‌వేర్లు ఉచితం, ప్రపంచంలో ఇంటర్నెట్ అందని చోట్ల కోసమే తయారైనవి. కావలసింది వాటిని అమర్చడం తెలిసిన ఒక మనిషి.

ఆ మనిషికి ఏం తెలియాలి? తీగ చివర ప్లాస్టిక్ కొనలో ఎనిమిది పోగులు ఏ వరుసలో కూర్చోవాలి. ఒక తీగ వంద మీటర్లు దాటితే ఎందుకు నమ్మకూడదు. రౌటర్ లోపలికి ఏ అంకెల చిరునామాతో వెళ్లాలి. రెండు యంత్రాలకు ఒకే చిరునామా పడితే ఏమవుతుంది. తప్పు తీగలో ఉందా, రౌటర్‌లో ఉందా, బయటి నుంచి వచ్చే లైనులో ఉందా అని ఒక్కో అడుగు ఎట్లా వెతకాలి. ఇంతే. ఈత బద్దల వరుస తప్పకుండా బుట్ట అల్లే తల్లుల కడుపున పుట్టినవాళ్లకు ఎనిమిది పోగుల వరుస కష్టమా? కష్టం కాదు. ఎవరూ చేతికివ్వలేదు, అంతే.

ఇక బయటి లైను సంగతి. రాష్ట్ర ప్రభుత్వం ఫైబర్‌నెట్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగించింది. స్తంభం లేని చోటికి తీగ ఎట్లా వస్తుంది? అడవి అని, పులుల అభయారణ్యం అని అధికారులు చేతులెత్తేస్తారు. ఇక్కడ టీచరుకు తీగ ఒక్కటే కాదు, చట్టమూ తెలియాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ఏం చెబుతోంది? బడి, అంగన్‌వాడీ, రోడ్డు, తాగునీరు లాంటి 13 సౌకర్యాల కోసం అటవీ భూమిని వాడుకోవచ్చని చెబుతోంది. ఆ 13లో కరెంటు లైన్లు, టెలికాం లైన్లు ఉన్నాయి. సోలారు వంటి ఇంధన వనరులున్నాయి. నైపుణ్య శిక్షణ కేంద్రాలూ ఉన్నాయి. షరతులు మూడు. ఒక్కో పనికి భూమి ఒక హెక్టారు కంటే తక్కువ ఉండాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫార్సు చేయాలి. అభయారణ్యంలో ఇంకొన్ని నిబంధనలు అడ్డం రావచ్చు. కానీ మొదటి కాగితం గ్రామసభ నుంచే లేవాలి. ఆ తీర్మానం రాయగలిగిన మనిషి గూడెంలో ఎవరు? చాలాచోట్ల టీచరే. నెట్‌వర్కింగ్ శిక్షణలో ఈ సెక్షన్ కూడా ఒక పాఠంగా ఉండాలని నేనంటే ఎవరైనా నవ్వితే, వాళ్లు అడవిలో ఒక్కరోజు కూడా తీగ లాగి చూడలేదన్నమాట.

ఎవరి వేలిముద్ర, ఎవరి చేతిలో

మూడోది సెక్యూరిటీ. ఇది అన్నిటికంటే పెద్దది. దీన్నే అందరూ చివర పది నిమిషాల్లో ముగించేస్తారు.

ఈరోజు ఒక గిరిజన బడి టీచరు ఫోన్‌లో ఏముంటుంది? పిల్లల పేర్లు, కులం, తెగ, ఆధార్ నంబర్లు, తల్లి బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, ఫొటోలు. ఒక తండా బతుకంతా ఒక ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. ఆ షీట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. గ్రూపులో ఎవరున్నారో, ఎవరు బదిలీ అయిపోయినా ఇంకా ఉన్నారో ఎవరికీ తెలియదు. పాస్‌వర్డు తెల్ల కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటిస్తారు. రౌటర్‌కు కంపెనీ వేసిన పాస్‌వర్డే ఉంటుంది. ఆధార్ నంబర్లను నలుగురికీ కనబడేట్టు పెట్టకూడదని ఆధార్ చట్టం సెక్షన్ 29లో ఉంది. 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగా లెక్కించి, వాళ్ల సమాచారానికి ప్రత్యేక రక్షణ ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అన్నట్టుంది మన సంగతి. చట్టం తాళం. గొళ్లెం పెట్టాల్సింది టీచరు చెయ్యి. ఆ చేతికి శిక్షణ లేదు.

ఫలితం ఎవరు అనుభవిస్తారు? 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బు ఖాతాల్లో పడింది. ఇట్లాంటి పథకం డబ్బు వచ్చే రోజుల్లో మోసగాళ్ల ఫోన్లూ వస్తాయి. 'అమ్మా, బడి నుంచి మాట్లాడుతున్నాం, మీ బాబు పేరు ఫలానా కదా, డబ్బు పడాలంటే ఓటీపీ చెప్పండి' అంటారు. బిడ్డ పేరు సరిగ్గా చెప్పినవాణ్ణి సంతకం రాని తల్లి నమ్మదా? ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని, మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలని ఆ తల్లికి చెప్పగలిగిన దగ్గరి మనిషి టీచరే. టీచరుకే తెలియకపోతే?

మనకు సెక్యూరిటీ కొత్త మాటేమీ కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, ఎరుకలవాళ్లతో సహా ఎన్నో తెగల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. వేళకు హాజరు వేయించుకున్నారు. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో సెటిల్‌మెంట్ పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. రిజిస్టరు భయం మాత్రం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఇవాళ పిల్లల వేలిముద్ర, ముఖం, తెగ పేరు మళ్లీ ఒక రిజిస్టరులోకి ఎక్కుతున్నాయి. ఇది ఆ రిజిస్టరు లాంటిదే అని నేను అనడం లేదు. స్కాలర్‌షిప్ కోసం, బియ్యం కోసం, హాజరు కోసం అని చెబుతున్నారు, సరే. అయినా ఆ సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, ఇంకెవరికి పోతుంది అని అడిగే హక్కు అందరికంటే ముందు మనకుంది. మన తాతల వేలిముద్రలు మనకు ఆ హక్కు ఇచ్చిపోయాయి. అడగాలంటే ముందు విషయం తెలియాలి.

కొండ చరియ మీద తేనె తీయడానికి దిగే చెంచు మనిషి తాడును ఎవరి చేతికి పడితే వాళ్ల చేతికి ఇవ్వడు. బావమరిది చేతికి ఇస్తాడు. అక్కచెల్లెలి పసుపుకుంకుమ కోరేవాడు తాడు వదలడని నమ్మకం. సెక్యూరిటీ అంటే ఇదే పాఠం. తాడు ఎవరి చేతిలో ఉందో చూసుకోవడం.

ఎదురు మాటలకు జవాబు

'మేం టీచర్లమా, మెకానిక్‌లమా?' అని అడుగుతారు. న్యాయమైన కోపం. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు యాప్ తెచ్చినప్పుడు మా సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని ఉపాధ్యాయ సంఘాలు అడిగాయి. సరిగ్గానే అడిగాయి. యాప్‌ల బరువు తగ్గించాలనే పోరాటంలో నేను మీ పక్కనే ఉంటాను. కానీ ఆ పోరాటానికి కూడా ఈ విద్య కావాలి. యాప్ ఫోన్‌లో ఏ అనుమతులు అడుగుతోందో చదవలేనివాడు దాన్ని ఎట్లా ప్రశ్నిస్తాడు? నేను టీచరును జీతం లేని మెకానిక్‌ను చేయమనడం లేదు. సైన్సు టీచరు ప్రయోగశాల సామాను చూసుకున్నట్టు, తన తరగతి యంత్రాన్ని తాను అర్థం చేసుకోవాలంటున్నాను. పెద్ద రిపేరుకు మనిషిని పెట్టాల్సింది ప్రభుత్వమే.

'తాగడానికి నీళ్లు లేవు, మరుగుదొడ్లు లేవు, కంప్యూటర్ల గోల ఇప్పుడెందుకు?' అంటారు ఇంకొందరు. నీళ్లు కావాలి, నిజమే. కానీ డీఎస్సీ పరీక్ష కంప్యూటర్ మీద పెట్టినప్పుడు మీ తండాలో నీళ్లున్నాయా అని ఎవరూ అడగలేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తును ఆన్‌లైన్ చేసినప్పుడు ఎవరూ ఆగలేదు. మనల్ని కంప్యూటర్ ముందు నిలబెట్టాలంటే ఏ కరువూ వాళ్లకు అడ్డం రాలేదు. ఆ విద్యను మనకు నేర్పాలన్నప్పుడే కరువు గుర్తొస్తుందా?

'ఇప్పటి పిల్లలకు అన్నీ తెలుసు, ఫోన్లు ఆడిస్తున్నారు' అనేది మూడో మాట. రీలు చూడటం వేరు, రౌటర్ అమర్చడం వేరు. బండి తోలేవాడికి ఇంజను తెలిసినట్టు కాదు.

'శిక్షణలు ఇస్తూనే ఉన్నాం కదా, దీక్ష ఉంది, నిష్ఠ ఉంది' అంటారు అధికారులు. ఉన్నాయి. తెర మీద వీడియో నడుస్తుంది, చివర ధ్రువపత్రం వస్తుంది. రెండేళ్ల బీఎడ్‌లో కూడా ఐసీటీ మీద ఒక పేపరు ఉంది. కానీ ఈత నేర్పాలంటే బావిలో దింపాలి. వీడియో చూపిస్తే ఈత రాదు. పైన కొంతమందికి నేర్పి, వాళ్లు జిల్లాలో, జిల్లావాళ్లు మండలంలో నేర్పే పద్ధతి కాలువ చివరి భూముల్లాంటిది. తూము దగ్గర పారినంత నీరు చివరికి రాదు. మన గూడేలు ఎప్పుడూ కాలువ చివరే.

సాధ్యమేనా అంటే పక్కనే కేరళ ఉంది. 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టి, టీచర్లలోంచే శిక్షకులను తయారుచేసుకున్నారు. బడుల్లో ఉచిత, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెచ్చారు. హార్డ్‌వేర్ క్లినిక్‌లు పెట్టి మూలపడిన యంత్రాలను టీచర్లు, పిల్లలే బాగుచేసుకున్నారు. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టి హార్డ్‌వేర్, సైబర్ భద్రత కూడా నేర్పుతున్నారు. ఇప్పుడు మనకు ఇది ఇంకా అవసరం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు ఆపేసింది. పాత బడి కంప్యూటర్లు చాలావరకు విండోస్ 11కు పనికిరావు. వాటిని పాత సామానులోకి తోసేస్తామా, లేక లినక్స్ వేసి ఇంకో అయిదేళ్లు నడుపుకుంటామా? మన తెలుగు నేల మీదే స్వేచ్ఛ సంస్థ ఈ పని చేస్తోంది. లినక్స్ వేయడం తెలిసిన టీచరు ఉంటే ఆ గది బతుకుతుంది.

మనం అడగాల్సినవి

ఒకటి. కొత్త టీచరు చేరిన మొదటి ఏడాదిలోనే పది రోజులు చేతిపని శిక్షణ ఇవ్వాలి. నాలుగు రోజులు యంత్రం, మూడు రోజులు తీగ, మూడు రోజులు భద్రత. చివర పేపరు పరీక్ష వద్దు. విప్పిన కంప్యూటర్ బిగించి ఆన్ చేయాలి, తీగ కొన బిగించి రెండు యంత్రాలు కలపాలి, పిల్లల జాబితాను పాస్‌వర్డుతో దాచి చూపించాలి.

రెండు. ఎక్కడ నేర్పాలి? బి.తాండ్రపాడులో, రాయచోటిలో డైట్‌లున్నాయి. కర్నూలు జగన్నాథగట్టు మీద 2015 నుంచి ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది. ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. శ్రీశైలంలో గిరిజన పిల్లల కోసం ప్రభుత్వ మోడల్ రెసిడెన్షియల్ పాలిటెక్నిక్ ఉంది. దేశానికి ఇంజనీర్లను తయారుచేసే సంస్థలు మన గడప ముందే ఉన్నాయి. సెలవుల్లో పది రోజులు వాటి ల్యాబులు మన టీచర్లకు తెరవలేవా? శ్రీశైలం ఐటీడీఏ అడిగితే కాదంటారా? అడిగించాల్సింది మనమే.

మూడు. ప్రతి బడికీ ఒక పనిముట్ల పెట్టె ఇవ్వాలి. స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, మల్టీమీటరు, తీగ కొనలు బిగించే పటకారు, బ్యాటరీ బిళ్లలు. ఒక ట్యాబ్ ధరలో సగం కూడా కాదు. దాంతోపాటు ఒక ఉత్తర్వు కూడా కావాలి. బాగుచేయడానికి విప్పిన యంత్రానికి టీచరు జీతంలోంచి రికవరీ ఉండదని రాసివ్వాలి. స్టాకు రిజిస్టరు భయంతోనే హెడ్మాస్టర్లు గదికి తాళం వేస్తున్నారు. ఆ భయం పోకుండా ఏ శిక్షణా పనిచేయదు.

నాలుగు. మన జిల్లాల్లో ఐదో షెడ్యూలు ప్రాంతం లేదు. స్థానిక గిరిజనులకే టీచరు పోస్టులన్న 2000 నాటి జీవో 3 మనకు అందనే లేదు. దాన్ని కూడా 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బయటి నుంచి వచ్చే టీచరు బదిలీ అయిపోతే విద్య కూడా ఆయన వెంటే పోతుంది. అందుకని ఐటీఐ, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న గిరిజన యువకులను, యువతులను మండలానికొకరిని బడుల సాంకేతిక సహాయకులుగా జీతమిచ్చి పెట్టాలి. టీచరుకు మెకానిక్ బరువు తప్పుతుంది. మన పిల్లలకు సుగ్గి తప్పుతుంది.

ఐదు. శిక్షణ తెలుగులో ఉండాలి. రౌటర్‌ను రౌటర్ అనే అనండి, ఎవరికీ అభ్యంతరం లేదు. అది ఏం చేస్తుందో మాత్రం మన మాటల్లో చెప్పండి.

యువతకు ఒక మాట. ప్రభుత్వం ఇచ్చేదాకా కూర్చోవద్దు. అయితే మీ బడిలో చెడిపోయిన యంత్రాన్ని మీకు మీరే విప్పొద్దు. హెడ్మాస్టరుతో, బడి కమిటీతో తీర్మానం రాయించుకోండి. తెలిసిన మనిషిని ఒక ఆదివారం పిలిపించుకోండి. కొత్తగా చేరిన టీచరును పక్కన కూర్చోబెట్టుకోండి. ఏం చేశారో, ఏ భాగం మార్చారో, ఎంత ఖర్చయిందో ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకాన్ని బడిలోనే ఉంచండి. రేపు టీచరు మారినా పుస్తకం ఉంటుంది. పక్క తండా నుంచి అడిగితే ఇవ్వండి.

కొత్త టీచర్లకు ఇంకో మాట. ఈసారి శిక్షణకు పిలిచినప్పుడు మీ ముందు ప్రొజెక్టరు వెలిగించి ఏ మీట నొక్కాలో చూపిస్తారు. చెయ్యి ఎత్తండి. 'సార్, ఈ డబ్బా మూత తీసి చూపించండి' అని అడగండి. 'మా పిల్లల వివరాలు ఎక్కడికి పోతున్నాయో చెప్పండి' అని అడగండి. జవాబు రాకపోతే అదే మాటను కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వండి. నకలు ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి పంపండి. ఒక్కరు అడిగితే అది అల్లరి అంటారు. యాభై మంది అడిగితే శిక్షణ మార్చక తప్పదు.